కంచు పిస్తోలు మీది పేరు

రుద్రోజు జగదీశ్వర్‌కు అరవై నిండుతున్నాయి. ఇన్నేళ్లలో ఆయన దేవుణ్ణి ఇల్లు అడగలేదు, పొలం అడగలేదు, లాటరీ తగలాలని మొక్కుకోలేదు. ఈ ఒక్క సంవత్సరం మాత్రం ఒకటి అడిగాడు. అరచేయంత అట్టముక్క. మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు వస్తువు పేరు, చేసినవాడి పేరు రాసి పెడతారే, అది. దాని మీద తన ముత్తాత పేరు ఉండాలి. చిన్న కోరిక కదా, తీరుతుందిలే అనుకున్నాడు. పెద్ద కోరికలు తీర్చడానికి దేవుడికి ఎంత బద్ధకమో చిన్నవాటికీ అంతే బద్ధకమని ఆయనకు అప్పటికి తెలియదు.

శాలిబండలో ఆయనది ఇత్తడి, కంచు సామానుకు మెరుగు పెట్టే దుకాణం. ముందు గదిలో మోటారు, దానికి తిరిగే గుడ్డ చక్రం. వెనక రెండు గదుల్లో ఆయన, తల్లి నాగమణమ్మ. దీపపు సెమ్మెలు, గుడి గంటలు, పెళ్లిళ్ల బిందెలు ఆ చక్రం దగ్గరికి నల్లగా వచ్చి బంగారంలా వెళ్తాయి. గంట మీద దాత పేరు ఉంటుంది, దాత భార్య పేరు ఉంటుంది, ఒక్కోసారి వాళ్ల కుక్కపిల్ల పేరు ఒక్కటే తక్కువ. మెరుగు పెట్టినవాడి పేరు ఎవడూ రాయడు, రాయాలని జగదీశ్వర్ కూడా ఎన్నడూ అనుకోలేదు. తన పేరు లేకపోయినా ఫరవాలేదు, ముత్తాత పేరు పోవడమే ఆయనకు గొంతులో ముల్లు.

ముత్తాత యాదగిరాచారి ఒక నవాబు ఉండే దేవిడీలోని కార్ఖానాలో మిస్త్రీ. 1912 ప్రాంతంలో ఆ నవాబుకు ఒక ముచ్చట పుట్టింది. ఒకసారి పేలగానే ఖాళీ తూటా తొడుగును తానే బయటికి విసిరి, కొత్త తూటాను తానే నింపుకునే పిస్తోలు తన కార్ఖానాలో తయారు కావాలన్నాడు. అప్పటికి దొరల సీమలోనే అవి కొత్త. కార్ఖానా మీద పెత్తనం విల్మాట్ అనే దొరది. దొర కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. యాదగిరాచారి ఆ బొమ్మను చూసి, ఇది నడవదని గ్రహించి, నోరు మూసుకుని తనకు తోచినట్టు చేశాడు. చట్రం కంచుతో పోశాడు. గొట్టం ఉక్కు. లోపలి స్ప్రింగు ఆగిపోయిన గోడ గడియారంలోది. ఎక్కడా ఒక్క స్క్రూ లేకుండా ఒక ముక్క ఇంకో ముక్కలోకి దూరి బిగుసుకునేట్టు కూర్చాడు. నవాబు ఎదుట పరీక్ష జరిగింది. ఆరు తూటాలు పేలాయి, ఏడోది ఇరుక్కుంది. నవాబు నవ్వి, నీ ఆటబొమ్మ నువ్వే తీసుకుపో అని యాదగిరాచారితో అన్నాడు. అటువంటిది మళ్లీ ఎవరూ చేయలేదు.

దొర మాత్రం సీమకు వెళ్లి పుస్తకం రాసుకున్నాడు. అందులో పిస్తోలు బొమ్మ వేసి, కింద తన పేరు పెట్టుకుని, నేటివ్ మిస్త్రీ ఒకడు సాయపడ్డాడని ఒక ముక్క విదిలించాడు. సొమ్మొకడిది, సోకొకడిది. యాదగిరాచారికి ఆ పుస్తకం సంగతి తెలియదు, తర్వాత ఆయన కొడుకు చెవిన పడింది. ఆయన పిస్తోలును ఇంటికి తెచ్చుకున్న రోజే చిన్న ఉలి తీసుకుని, చట్రం ఎడమ పక్కన చుక్క చుక్కగా పొడిచి తన పేరు రాసుకున్నాడట. బడికి పోయినవాడు కాదు, రాయడం వచ్చింది ఆ ఒక్క పేరే. పోలీసు యాక్షన్ తర్వాత ఆయన కొడుకు, తూటాను కొట్టే సూదిని పీకి ఠాణాలో ఇచ్చేసి, ఇది పేలని వస్తువని కాగితం రాయించుకున్నాడు. అప్పటినుంచి అది దేవుడి గూట్లో ఉంది.

పనిముట్టు చేసే కులం వాళ్లకు దసరా అంటే పనిముట్లదే. సుత్తి, పట్టకారు, ఉలి, ఇప్పుడైతే మోటారు కూడా, అన్నీ కడిగి బొట్లు పెట్టి వరసగా నిలపాలి. రుద్రోజు వాళ్లింట్లో ఆ వరసలో మొదటి స్థానం పిస్తోలుది. చింతపండు, ఇటుకపొడి వేసి తళతళలాడే దాకా తోమి, పసుపు రాసి, కుంకుమ పెడతారు. నూట పది దసరాలు. ఎన్నడూ తప్పలేదు. మొన్న దసరాకు మేనకోడలు వర్షిత వచ్చి, ఆ వరసను ఫోటో తీసి ఫోన్‌లో అందరికీ పెట్టింది. పదిహేను రోజులకు మ్యూజియం నుంచి అమల అనే అధికారి ఫోన్ చేసింది. దొర పుస్తకంలోని బొమ్మ ఆమెకు తెలుసు, ఆ పిస్తోలు లోకంలో మిగిలి ఉందని మాత్రం తెలియదు.

అమల ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది. ముప్పై ఐదేళ్ల మనిషి, మలక్‌పేటలో పుట్టి పెరిగింది. తెల్ల చేతి తొడుగులు వేసుకుని పిస్తోలును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"జగదీశ్వర్ గారూ, దొర తన బొమ్మలో ఎనిమిది స్క్రూలు గీశాడు. దీనికి ఒక్కటీ లేదు. తన పిస్తోలును ఆయన విప్పి కూడా చూసినట్టు లేడు."

జగదీశ్వర్‌కు ఆ మాటతో కడుపు నిండింది. నాన్న ఉంటే బాగుండేదనుకున్నాడు. "మేడం, నేను దీన్ని ఉత్తగనే ఇస్త. నాకు రూపాయి వద్దు. ఆ కార్డు మీద మా ముత్తాత పేరు రాయాలె. గంతే."

"రాయాలనే నాకూ ఉంది. మా కమిటీ ఆధారం అడుగుతుంది. ఫోన్‌లో చెప్పారే, దీని మీదే ఆయన పేరుందని, అది చూపించండి."

"ఇగో, గిక్కడ," అని ఆయన ఎడమ పక్క తిప్పి బొటనవేలు పెట్టాడు.

అమల వంగి చూసింది. భూతద్దం తీసి చూసింది. నున్నటి కంచులో ఆమె కళ్లజోడు కనిపించింది, వెనకున్న సీలింగు ఫ్యాను కనిపించింది. అక్షరం అన్నది కనిపించలేదు.

జగదీశ్వర్ వేలు తీసి మళ్లీ పెట్టాడు. ఇంట్లో అందరూ అక్కడ పేరుందని చెప్పేవాళ్లు, ఆయనా చెప్పేవాడు. గూట్లో దేవుడున్నాడని చెప్పినట్టు చెప్పేవాడు తప్ప ఎన్నడైనా తొంగి చూసినట్టు గుర్తు లేదు. గుర్తొచ్చింది వేరే సంగతి. పదకొండేళ్ల కిందట కొత్త మోటారు కొన్నాడు. ఆ దసరాకు చింతపండుతో ఎందుకు, మన చేతి పనితనం ముత్తాతకు చూపిద్దామని పిస్తోలును గుడ్డ చక్రానికి పట్టాడు. మొదట ఎడమ పక్కనే పట్టాడు. అద్దంలా వచ్చిందని వీధిలో నలుగురినీ పిలిచి చూపించాడు కూడా. ఆ తర్వాత ప్రతి దసరాకూ చక్రమే.

లోపలి గుమ్మంలో కూర్చున్న నాగమణమ్మ అంతా వింటూనే ఉంది. ఎనభై నాలుగేళ్ల మనిషి, చూపు మందగించింది గాని చెవులు గట్టివి.

"నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఉండె బిడ్డా. పసుపు ఇరుక్కుంటే పిన్నీసుతోని తీసేదాన్ని. గుండ్రంగ, జిలేబి లెక్క ఉండె. నాకు సదువు రాదు గని వేలికి తగిలేది. యేటికేడు తోమంగ తోమంగ సన్నబడ్డది. మిగిలింది నీ మోటరు తిన్నది."

"చెప్పొద్దా అమ్మా నాకు."

"చెప్తే ఇన్నవా? అద్దం తీరు చేసిన అని ఎగిరితివి."

అమల తొడుగులు విప్పి సంచిలో పెట్టుకుంది. వెళ్లేముందు, ఏదైనా దారి ఉందేమో కనుక్కుంటానంది. ఆమె వెళ్లిపోయాక జగదీశ్వర్ మోటారు వైపు చూడలేక దుకాణం మూసి, ఆ రోజు వచ్చిన రెండు సెమ్మెలను వెనక్కి పంపేశాడు. దొర పేరు దోచుకున్నాడని మూడు తరాలు తిట్టుకున్నారు. దొర ఒక్కసారి దోచుకున్నాడు, వీళ్లు ఏడాదికొకసారి భక్తిగా తోమి పారేశారు.

వారం తిరక్కుండా అమల ఫోన్ చేసింది. చుట్టూ ఏదో మీటింగు గోల. "జగదీశ్వర్ గారూ, వచ్చే గురువారం ల్యాబ్ నుంచి ఒక సార్‌ను తీసుకొస్తున్నాను. ఆ పేరున్న చోట మందు వేసి చూస్తారు. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి." ఇంకేదో చెప్పబోతుంటే ఎవరో పిలిచారు, పెట్టేసింది.

మందు వేసి చూడటం అంటే ఏమిటో పాతబస్తీలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా. బంగారం అమ్మబోతే షావుకారు గీటురాయి మీద గీసి మందు చుక్క వేస్తాడు. అది దొంగ బంగారాన్ని పట్టుకోవడానికి వేసే మందు. నా మాట అబద్ధమని తేల్చడానికే ఆ సార్ వస్తున్నాడని జగదీశ్వర్ తేల్చుకున్నాడు. తిరిగి ఫోన్ చేసి, ఎందుకు మేడం ఆ మందు అని ఒక్క మాట అడిగి ఉంటే నోటి ముత్యాలు రాలిపోయేవి కావు. అడగలేదు. పెద్ద చదువుల వాళ్లను ప్రశ్న అడగడం ఆయనకు అలవాటు లేదు, ముత్తాతకూ లేదు. పిస్తోలును తువ్వాలలో చుట్టుకుని తాహిర్ దగ్గరికి వెళ్లాడు.

తాహిర్ నలభై ఏళ్లుగా ఆయనకు స్నేహితుడు. స్టీలు సామాన్ల దుకాణం మెట్ల మీద కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కుతాడు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఏది రాసిస్తే అది. శాలిబండలో కొన్న పెళ్లి సామాను ఏ ఊరికి పోయినా దాని మీద తాహిర్ చేతి రాత ఉంటుంది. ఈమధ్య కరెంటు పెన్ను వచ్చింది గాని, మంచి పనికి ఇప్పటికీ ఉలీ సుత్తే తీస్తాడు.

సంగతి విని తాహిర్ సుత్తి కింద పెట్టాడు. "జగదీశ్ భాయ్, నాతోని ఝూట్ రాయిస్తవా?"

"ఝూట్ ఏంది భాయ్. ఉన్న పేరే. పోయింది, మళ్ల పెడుతున్నం."

"నీ ముత్తాత పెడితే అది దస్కత్. నేను పెడితే ఏమైతది?"

"ఏమైతది, పేరైతది. సచ్ మాటకు సాక్ష్యం లేకపోతే ఏం చెయ్యాలె చెప్పు నువ్వే. ఆ దొర పేరు రాసుకుంటే లోకమంత నమ్మింది. ఆయన ఏ ఉలి పట్టిండు?" ఆయన గొంతు పెరిగింది. మెట్ల మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారని తెలిసి తగ్గాడు. "మా నాన్న చచ్చిపోయే రోజు గూడ గీ పేరే చెప్పిండు భాయ్. నా తర్వాత చెప్పేటోడు లేడు."

తాహిర్ చేయి చాచాడు. పిస్తోలును ఒళ్లోకి తీసుకుని, కంచు మీద వేలితో రాసి చూసుకుని, పక్కకు తిరిగి కూర్చున్నాడు. చుక్క చుక్కగానే పొడవాలని, అక్షరాలు గుండ్రంగా ఉండాలని జగదీశ్వర్ చెప్పాడు. సరిగ్గా ఆ చోటే పెట్టించాడు, తన బొటనవేలితో గుర్తు చూపించి.

"లోతుగ కొట్టు భాయ్. మళ్ల ఎన్నడూ అరగొద్దు."

తాహిర్ లోతుగా కొట్టాడు. గంటన్నర పట్టింది. ఇంటికి తెచ్చాక జగదీశ్వర్ ఆ చుక్కల్లో పసుపు, మసి కలిపి నింపి తుడిచాడు. చూస్తే నూరేళ్ల నాటి రాతలా ఉంది. దొంగపని చేసినట్టు ఆయనకు అనిపించలేదు. ముత్తాతకు బాకీ తీర్చినట్టే అనిపించి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

గురువారం పదకొండింటికి అమల వచ్చింది, వెంట ల్యాబ్ సార్. బక్కగా, మెత్తగా మాట్లాడే మనిషి. జగదీశ్వర్ పిస్తోలును పళ్లెంలో పెట్టి తెచ్చాడు.

"మేడం, మంచిగ చూస్తే పేరు కనపడ్డది. ఆనాడు ఎల్తురు సరిగ లేకుండె."

అమల భూతద్దం తీసుకుంది. చూసింది, మళ్లీ చూసింది. తలెత్తినప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు. కోపమైతే జగదీశ్వర్ తట్టుకునేవాడు.

"మా అమ్మ పెళ్లి బిందె మీద ఇదే చేయి ఉంది జగదీశ్వర్ గారూ. చివరి అక్షరం తోకను ఇట్లాగే పైకి తిప్పి వదిలేస్తాడు. ఆ బిందె ఇక్కడే కొన్నారు. చిన్నప్పటినుంచి రోజూ చూసిన రాత."

జగదీశ్వర్ చేతులు కట్టుకున్నాడు. "నేనే చెక్కిచ్చిన. ఎవరితోనని అడగకుండ్రి. పేరు మాత్రం అబద్ధం కాదు మేడం."

"ఎందుకు చేశారు? ముట్టుకోవద్దని చెప్పాను కదా."

"మందు ఏస్తరంటిరి. నన్ను దొంగ అని తేలుస్తరేమో అనుకున్న."

ల్యాబ్ సార్ కుర్చీలో ముందుకు జరిగాడు. చెప్పాలా వద్దా అన్నట్టు అమల వైపు చూసి, చెప్పాడు. "పెద్దాయనా, ఉలితో పొడిచినప్పుడు లోహం పైపైనే నలగదు. దెబ్బ కింద లోపల కొంత దూరం దాకా నలిగి ఉంటుంది. పైన ఎంత తోమినా, మీ మోటారుకు పట్టినా, ఆ లోపలి నలుగు పోదు. మేం వేసే మందు ఆ నలిగిన చోటును వేరే రంగులో చూపిస్తుంది. దొంగలు బండి ఇంజన్ నంబరు గీకేస్తే పోలీసులు చదివేది ఇట్లాగే. మీరు దీన్ని అట్లనే ఉంచితే ఇవాళ పేరు చదివేవాళ్లం."

జగదీశ్వర్‌కు ఆ మాటలు ఒక్కొక్కటిగా దిగాయి. పేరు పోలేదు. నూట పది దసరాలు తోమినా పోలేదు, పదకొండేళ్లు చక్రానికి పట్టినా పోలేదు. మొన్న మధ్యాహ్నం, గంటన్నరలో పోయింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. అదీ తన వేలితో చోటు చూపించి, లోతుగా కొట్టమని బతిమాలి మరీ ఊడగొట్టుకున్నాడు.

"ఇప్పుడు ఎయ్యుండ్రి సార్ ఆ మందు," అన్నాడు.

"లాభం ఉండదు. కొత్త దెబ్బలు పాతవాటిని తినేస్తాయి."

"ఎయ్యుండ్రి."

సార్ సీసా తీసి, దూదితో అక్షరాల చుట్టూ తడిపాడు. తుడిచి మళ్లీ తడిపాడు. పావుగంట తర్వాత, తాహిర్ ఉలి తగలని అంచున, కంచులో నల్లటి చుక్కలు మూడు తేలాయి. ఒక చిన్న వంపులో వరసగా మూడు. ఇంకా తడిపితే నాలుగోది వస్తుందేమోనని అందరూ చూశారు. రాలేదు.

"ఇవి పాతవే," అన్నాడు సార్. "అనుమానం లేదు. మూడు చుక్కలతో మాత్రం పేరు చదవలేం."

జగదీశ్వర్ ఆ మూడు చుక్కల మీదికి వంగాడు. ముత్తాత చేతిని ఆయన చూడటం అదే మొదటిసారి. ఏడుపు వచ్చింది, పరాయివాళ్ల ముందు ఏడ్చాడు. నాగమణమ్మ లోపలినుంచి ఏమైంది బిడ్డా అని రెండుసార్లు అడిగింది. ఎవరూ చెప్పలేదు.

పిస్తోలును ఆయన మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇంట్లో ఉంచుకుని ప్రతి దసరాకూ దాని ముఖం ఎట్లా చూడటం? అమల నిజాయితీగా ఒక మాట చెప్పింది. "నేను మిమ్మల్ని నమ్ముతున్నాను. నా నమ్మకాన్ని కమిటీ ఒప్పుకోదు. వీళ్లే కొత్తగా పేరు చెక్కించారంటే, వీళ్ల మాటకు ఇక విలువేముంది అంటున్నారు. ఇంకేం మార్చారోనన్న అనుమానంతో స్క్రూల సంగతి కూడా పక్కన పెట్టారు. ఆ చెక్కుడు గురించి రాయకుండా వదిలేద్దామన్నాను, కుదరదన్నారు." ఆయన తలూపి సంతకం పెట్టాడు. తాహిర్ ఆ తర్వాత పదిసార్లు ఎదురుపడ్డాడు. చాయ్ తాగుతారు, ఎండల గురించి మాట్లాడుకుంటారు. ఆ సంగతి ఎత్తరు.

మార్చిలో మ్యూజియంవాళ్లు కొత్త గది తెరిచారు. నాగమణమ్మ ఊరుకోలేదు, నన్ను తీసుకపో అని పట్టుపట్టింది. ఆటోలో తీసుకెళ్లి, రెక్క పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు. అద్దాల పెట్టెలో ఎర్ర మఖమల్ మీద పిస్తోలు ఉంది. ముందు అట్టముక్క ఉంది, అరచేయంత. జగదీశ్వర్ అది చదివాడు.

'తానే తూటా నింపుకునే ప్రయోగాత్మక పిస్తోలు. సుమారు 1912. రూపకల్పన: విల్మాట్. తయారీ: హైదరాబాద్‌లోని ఒక కార్ఖానా, పేరు తెలియని పనివారు. ఎడమ పక్కనున్న యాదగిరాచారి అన్న పేరు ఇటీవల చెక్కినది, నకిలీ.'

"ఏం రాసిండ్రు బిడ్డా? మీ ముత్తాత పేరున్నదా?"

ఆయన అట్టముక్క మీదినుంచి చూపు తిప్పుకున్నాడు. "ఉన్నదమ్మా."

"ఏడ? నా వేలు పెట్టు."

ఆయన ఆమె చూపుడువేలు పట్టుకుని అద్దం మీద, ఆ పేరుకు ఎదురుగా ఆనించాడు. ఆ మాట తర్వాతి మాటల మీదికి వేలు జారకుండా పట్టుకున్నాడు.

"పక్కన గూడ మస్తు రాసినట్టున్నరు. ఏంది అదంత?"

"ఆయన గురించే అమ్మా."

నాగమణమ్మ ముఖం విప్పారింది. అటుగా వస్తున్న ఒక కాలేజీ పిల్లను చెయ్యి పట్టుకుని ఆపింది. "మా మామ వాళ్ల నాయిన చేసిండు బిడ్డా ఇది. ఆయన పేరు రాసిండ్రు. సదువు."

పిల్ల వంగి మనసులో చదువుకుంది. చివరి వరస దగ్గర ఆగి, తలెత్తి జగదీశ్వర్‌ను చూసింది. ఆయన, తల్లి వెనకనుంచి, రెండు చేతులూ జోడించాడు.

"అవునవ్వా, పేరుంది," అని ఆ పిల్ల గబగబా పక్క పెట్టె దగ్గరికి వెళ్లిపోయింది.

"ఇగ పోదాం పా అమ్మా," అన్నాడు జగదీశ్వర్.

నాగమణమ్మ కదల్లేదు. తర్వాత వచ్చేవాళ్లకు చూపించాలని పెట్టె పక్కనే నిలబడింది.